కాలని చెయ్యి

తోడికోడలి చెయ్యి కాలిందని కుళ్ళుకునే మనిషి ఎక్కడైనా ఉంటుందా అంటే, ఉంది. ఆ మనిషిని లాండ్రీలో అందరూ మడతమ్మ అనేవారు. ఆమె దుప్పటి మడిచిందంటే నాలుగు మూలలూ ఒకదాని మీద ఒకటి బుద్ధిగా కూర్చోవాల్సిందే. వెంట్రుకవాసి తేడా వచ్చినా మొత్తం విప్పి మళ్ళీ మొదలుపెట్టేది. అందుకని ఆ పేరు. మడతపేచీలు పెట్టడంలోనూ ఏమీ తక్కువ తినలేదని అత్తగారు అనేది గానీ, అత్తగార్ల మాటలకేం, అంటూనే ఉంటారు.

ఆ లాండ్రీకి ఆసుపత్రుల నుంచీ హోటళ్ళ నుంచీ దుప్పట్లు బండ్లకొద్దీ వచ్చేవి. ఉతికిన దుప్పటి ఒకవైపు నుంచి తడిగా వేడి రోలరులోకి వెళ్ళి, రెండోవైపు నుంచి పొడిగా, ఇస్త్రీ అయి బయటికొస్తుంది. దాన్ని ఇద్దరు మనుషులు చెరో చివరా పట్టుకుని మడవాలి. ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఇద్దరి ఎత్తూ సమానంగా ఉండాలి, లేకపోతే మడత ఏటవాలుగా వస్తుంది. మడతమ్మా ఆమె తోడికోడలూ ఎత్తులో అచ్చుగుద్దినట్టు సమానం. అన్నదమ్ములను కట్టుకుని, ఒకే ఇంట్లో, ఒకే వంటింటితో, కింద ఒకరూ పైన ఒకరూ కాపురం చేస్తున్న ఈ ఇద్దరినీ సూపర్‌వైజరు చూసీచూడగానే జత చేసేశాడు. పెద్దామెను మడతమ్మ అక్కా అని పిలిచేది. ఆ పిలుపులో ప్రేమ ఉన్న రోజులూ ఉన్నాయి, పళ్ళు నూరిన రోజులూ ఉన్నాయి.

రోలరు మోతలో మాటలు వినిపించవు. అందుకని వాళ్ళిద్దరూ దుప్పటితోనే మాట్లాడుకునేవాళ్ళు. ఇటునుంచి చిన్నగా ఒక గుంజు గుంజితే ‘సిద్ధమా’ అని. అటునుంచి ఇంకో గుంజు వస్తే ‘ఊఁ’ అని. కాస్త గట్టిగా గుంజితే ‘ఎటు చూస్తున్నావే’ అని. ఇంట్లో నీళ్ళ దగ్గరో పిల్లల దగ్గరో మాటా మాటా అనుకుని మొహాలు తిప్పుకున్న రోజుల్లో కూడా, అక్కడ హాల్లో మాత్రం గుంజూ జవాబుగుంజూ నడుస్తూనే ఉండేవి. చేతులకు పోట్లాటల సంగతి తెలియదు.

ఒక పొద్దున రోలరుకు వేడి తెచ్చే ఆవిరి గొట్టం అతుకు దగ్గర ఊడిపోయింది. ఆ అతుకు అక్క నిలబడే వైపు ఉంది. హాలంతా ఒక్కసారిగా తెల్లగా కమ్మేసింది. మళ్ళీ మనిషికి మనిషి కనిపించేసరికి అక్క తలుపు బయట సిమెంటు నేల మీద పడి ఉంది. కుడిచెయ్యి భుజం నుంచి మణికట్టు దాకా ఉడికిపోయింది. మడతమ్మ ఆ పక్కనే గోడకు చేరగిలబడి కూర్చుంది. ఆమె ఒంటి మీద చిన్న గీత కూడా లేదు. జనం అక్క చుట్టూ మూగారు. మడతమ్మను, అడ్డం లేకుండా కాస్త పక్కకు జరగమన్నారు.

ఆ జరగడం జరగడం ఆమె నెలల తరబడి పక్కనే ఉండిపోయింది.

ఆసుపత్రి నుంచి అక్క ఇంటికి రాగానే ముందుగదిలో ఆమెకు మంచం వేశారు. ఇక చూడాలి ఆ వైభోగం. వీధి వీధంతా పరామర్శకు వచ్చింది. పళ్ళ బుట్టలు పెట్టడానికి చోటు చాలక పిల్లల పుస్తకాలు కిటికీ ఎక్కాయి. కట్టు మార్చడానికి నర్సు వచ్చినప్పుడల్లా అత్తగారు ఊపిరి బిగబట్టి నిలబడేది. బావగారు, పెళ్ళయిన ఇన్నేళ్ళలో మంచినీళ్ళ గ్లాసు కూడా అందించి ఎరగని మనిషి, పెళ్ళాం తల దువ్వుతూ కనిపించాడు. అది చూసి మడతమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది.

వచ్చినవాళ్ళకల్లా అక్క ఆ కథ చెప్పేది. మొదట్లో చెబుతూ వణికేది, మధ్యలో ఏడ్చేది. చెప్పగా చెప్పగా ఏడుపు తగ్గింది, కథ పెరిగింది. చివరికి ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో కూడా పట్టుబడింది. ‘అంతే, కళ్ళు తిరిగాయి. ఎవరో మహానుభావుడు నన్ను బయటికి ఈడ్చుకొచ్చి పుణ్యం కట్టుకున్నాడు’ అని ముగించేది. ఆ మహానుభావుడు బాయిలరు దగ్గర పనిచేసే బలశాలి అయి ఉంటాడని అందరూ ఎవరికివారే తేల్చేసుకున్నారు. గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ మడతమ్మ అంతా వినేది. ‘కాదు, నేను’ అనడానికి నోరు తెరిస్తే నాలుక పిడచకట్టుకుపోయేది. మాట రాకపోయేసరికి కోపం వచ్చేది. గ్లాసులు టంగుమని పెట్టి వెళ్ళిపోయేది.

ఇంట్లో ఇంకా వింతలు మొదలయ్యాయి. పొయ్యి మీద కుక్కరు పెట్టగానే మడతమ్మ మేడ మీదికి చక్కా పోయేది. అది కూసీ కూసీ చల్లారాక గానీ దిగేది కాదు. ఉతికిన దుప్పట్లు ఉండచుట్టి బీరువాలో కుక్కేది. మడతమ్మ మడతలు మానేసిందని పిల్లలు నవ్వారు. నిద్ర పట్టేది కాదు. వెనకనుంచి ఎవరైనా భుజం తడితే ఉలిక్కిపడి, ఆ పైన వాళ్ళ మీద విరుచుకుపడేది. అక్కకు కట్టు మార్చే వేళకు ఎక్కడో ఏదో పని కల్పించుకుని మాయమయ్యేది.

ఇవన్నీ చూసి అత్తగారు తీర్పు చెప్పేసింది. కాలింది పెద్దదానికి, మండుతున్నది చిన్నదానికి అని. ఆ మాట ఎంత బాగా కుదిరిందంటే ఇంటిల్లిపాదీ నమ్మారు. అందరికంటే గట్టిగా నమ్మింది మడతమ్మే. ఎందుకంటే అందులో అబద్ధం లేదు, నిజంగానే ఆమెకు కుళ్ళుగా ఉంది. పళ్ళ బుట్ట చూస్తే కుళ్ళు. దువ్వెన చూస్తే కుళ్ళు. తన గుండె దడదడలాడటం, ఒళ్ళు చెమటలు పట్టడం, తిన్నది ఇమడకపోవడం, అంతా ఆ కుళ్ళు రోగమే అనుకుంది. ఇంత నీచపుదాన్నా నేను అని కుమిలిపోయేది, కుమిలిపోతూనే ఇంకాస్త కుళ్ళుకునేది.

ఒకరోజు మొగుడితో నా ఒంట్లో బాగోలేదు అంది. అతను మంచివాడే, కాకపోతే బుర్రకు తట్టిందే మాట్లాడే రకం. “వదినకైతే చెయ్యి కాలింది. నీకేమైంది? గీత కూడా పడలేదు కదా” అన్నాడు. మడతమ్మ అద్దం ముందు నిలబడి తన రెండు చేతులూ అటూ ఇటూ తిప్పి చూసుకుంది. నున్నగా, ఏ మచ్చా లేకుండా ఉన్నాయి. ఆ కట్టేదో నా చేతికే ఉంటే ఎంత బాగుండు అనుకుంది. అలా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది, అయినా ఆ కోరిక పోలేదు.

చెయ్యి మానింది, పనికి వెళ్ళవచ్చని అక్కకు డాక్టరు చెప్పాడు. మూతపడ్డ లాండ్రీలో గొట్టాలన్నీ కొత్తవి వేశారు, ఇద్దరూ రండి అని సూపర్‌వైజరు కబురు పెట్టాడు. బయల్దేరారు. లాండ్రీ గేటు దాకా మడతమ్మ బాగానే నడిచింది. లోపల రోలరు బుస్సుమనగానే కాళ్ళు నేలకు అతుక్కుపోయాయి. కడుపులో నొప్పి అని చెప్పి వెనక్కి తిరిగింది. మర్నాడు మోకాలు అంది. ఆ మర్నాడు పిల్లాడికి జ్వరం అంది, ఆ పిల్లాడేమో వీధిలో బంతి ఆడుతున్నాడు.

దుప్పట్లు ఎవరి కోసమూ ఆగవు. సూపర్‌వైజరు అక్కకు ఇంకో మనిషిని జత చేశాడు. ఆమె తాటిచెట్టంత పొడుగు, అందుకని పొడుగమ్మ అన్నారు. అక్క సాయంత్రం ఇంటికొచ్చి పొడుగమ్మ ముచ్చట్లు చెప్పడం మొదలుపెట్టింది. పొడుగమ్మ ఇలా అంది, పొడుగమ్మ అలా నవ్వించింది, భలే సరదా మనిషి. మడతమ్మకు పళ్ళ బుట్టల మీద కుళ్ళు ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. పళ్ళు ఎవరు తిన్నా పోయేదేం లేదు. అక్క పట్టుకున్న దుప్పటికి అవతలి చివర తనది. ఆ చివరను ఇప్పుడు ఇంకొకామె పట్టుకుంది. పైగా నెలాఖరు దాకా చూస్తాను, చిన్నామె రాకపోతే పొడుగమ్మనే ఖాయం చేసేస్తాను అని సూపర్‌వైజరు తెగేసి చెప్పాడట.

ఒక సెలవురోజు మధ్యాహ్నం మడతమ్మ మేడ మీద ఉంది. కింద కుక్కరు ఉందని వేరే చెప్పక్కర్లేదు. అక్క ఎండిన దుప్పటి ఒకటి తీగ మీంచి లాగి, ఒక చివర ఆమెకు అందించబోయింది.

“పొడుగమ్మను పిలిపించుకో. ఆవిడైతే సరదాగా మడుస్తుంది” అంది మడతమ్మ.

అక్క దుప్పటి కింద పడేసింది. “ఏమైందే నీకు? నా చెయ్యి కాలిన దగ్గర్నుంచి నా మొహం చూడట్లేదు. నేనేం చేశాను నీకు?”

“నీకేం, నీకు చెయ్యి కాలింది” అంది మడతమ్మ. నోరు జారాక గానీ ఏమన్నదో తెలియలేదు. తెలిశాక కూడా ఆగలేదు. “అందరూ చూశారు. అందరూ అయ్యో అన్నారు. నా చెయ్యే కాలి ఉంటే బాగుండేది. చూపించుకోవడానికి నాకూ ఏదో ఒకటి ఉండేది.”

అక్క జాకెట్టు చెయ్యి భుజం దాకా మడిచి, ఆ చేతిని మడతమ్మ మొహం ముందుకు చాపింది. చర్మం ముడుతలు పడి, ఒకచోట ఎర్రగా, ఒకచోట నల్లగా, మెరుస్తూ ఉంది. ఇన్ని నెలల్లో మడతమ్మ దాన్ని చూడటం అదే మొదటిసారి.

“తీసుకో” అంది అక్క. “దీంతో పాటు దురద కూడా తీసుకో. గోకితే రక్తం, గోకకపోతే పిచ్చి. మీ బావగారు ఇప్పుడు ఇటువైపు తిరిగి పడుకోవడం లేదు. తల దువ్వుతాడు, చెయ్యి మాత్రం చూడడు. అది కూడా నువ్వే తీసుకో.”

ఇద్దరూ నేల మీద చతికిలబడ్డారు, తిట్టుకోవడానికి కూడా ఓపిక లేనట్టు. అప్పుడు అక్క, జాకెట్టు చెయ్యి కిందికి లాక్కుంటూ, ఇన్నాళ్ళూ ఇంట్లో ఎవరికీ తోచని ప్రశ్న ఒకటి అడిగింది. నేను పడిపోయాక నాకేం తెలీదు, అప్పుడు నువ్వెక్కడున్నావు, నీకేమైంది అని.

మడతమ్మ చెప్పడం మొదలుపెట్టింది. మాటలు ముక్కలు ముక్కలుగా వచ్చాయి. అంతా తెల్లగా అయిపోయింది. తన చెయ్యి తనకు కనిపించలేదు. చెవుల్లో బుస్సు తప్ప ఇంకేం లేదు. చేతుల్లో మాత్రం దుప్పటి ఉంది. అవతలి చివర అక్క దగ్గర ఉందని తెలుసు. అందుకని గుంజింది. జవాబు రాలేదు. మళ్ళీ గుంజింది. గట్టిగా గుంజింది. రాలేదు. అక్క ఆ చివరను గుప్పిట్లో చుట్టుకుని దాని మీదే పడిపోయిందని తర్వాత తెలిసింది గానీ, అప్పుడు తెలిసింది ఒక్కటే, అటువైపు బరువు ఉంది, మనిషి లేదు. ఆ బరువునే దుప్పటితో సహా తలుపు దాకా లాగింది.

“నిన్ను లాగుతున్నాననుకోలేదక్కా. నీ శవాన్ని లాగుతున్నాననుకున్నాను.”

అది చెప్పాక మడతమ్మ పళ్ళు టకటక కొట్టుకున్నాయి. ఎండలో కూర్చుని చలిపుట్టినట్టు వణికింది. అక్క ఆ కాలిన చేతినే ఆమె వీపు చుట్టూ వేసి గట్టిగా పట్టుకుంది. వణుకు తగ్గేదాకా వదల్లేదు. తగ్గాక, మెల్లిగా, “అయితే బాయిలరతను కాదా?” అంది.

కాదంది మడతమ్మ.

“వాడికి చొక్కా గుడ్డ కొనిచ్చానే నేను.”

“తీసుకున్నాడా?”

“మారుమాట లేకుండా తీసుకున్నాడు.”

ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ మడతమ్మ ఏడ్చేసింది. ఆ ఏడుపు కుళ్ళుది కాదని అక్కకు అర్థమైంది.

తన చెయ్యి చూపించుకునే ఆసుపత్రిలోనే మనసుకు వైద్యం చేసే డాక్టరమ్మ ఒకామె ఉందని అక్క కనుక్కుంది. మడతమ్మ మొదట ససేమిరా అంది. నేనేమన్నా పిచ్చిదాన్నా అంది. పిచ్చి కాకపోతే మరీ మంచిది, తొందరగా వచ్చేద్దాం అని అక్క రెక్క పట్టుకుని తీసుకెళ్ళింది. కుక్కరు సంగతితో సహా అన్నీ డాక్టరమ్మకు చెప్పి అక్క బయట కూర్చుంది. ఆవిడ ముందు కూర్చోగానే మడతమ్మ అడక్కముందే నేరం ఒప్పేసుకుంది. నాకు కుళ్ళండీ, మా తోడికోడలంటే కుళ్ళు, అందుకే ఇదంతా అంది.

“ఉంటే ఉండనివ్వండి, దానికి నా దగ్గర మందు లేదు” అంది డాక్టరమ్మ. “కానీ కుళ్ళుబోతులు కుక్కరు కూస్తే మేడెక్కరు కదా.”

మడతమ్మ ఆ మాటకు తెల్లబోయింది. అత్తగారి తీర్పు తర్వాత ఆ దారిలో ఆలోచించే అవసరమే ఎవరికీ రాలేదు మరి. డాక్టరమ్మ మెల్లమెల్లగా విడమరిచి చెప్పింది. పెద్ద ప్రమాదం ముంచుకొచ్చినప్పుడు తప్పించుకోవడానికి ఒళ్ళంతా ఒక్కటై లేస్తుంది. ప్రమాదం దాటాక ఆ లేచింది కూర్చోవాలి. కొందరిలో అది కూర్చోదు. తలకు తెలిసినా ఒంటికి తెలియదు, ఆ రోజు అయిపోయిందని. బుస్సుమంటే చాలు మళ్ళీ అదే హాలు, అదే తెలుపు. నిద్రలేమి, ఉలికిపాటు, ఊరికే విరుచుకుపడటం అన్నీ దాని పిల్లలే. గాయం కనిపించే చోట లేనంత మాత్రాన లేనట్టు కాదు అంది.

జరిగింది మొదటినుంచీ చెప్పమంది. మడతమ్మ చెప్పింది. బరువు లాగిన దగ్గర ఆగింది. తర్వాత అని అడిగితే, తర్వాతేముంది అంతే అంది.

“అంతే కాదు. ఆమె బతికింది, బయట బెంచీ మీద కూర్చుని ఉంది. మీరు కథను రోజూ శవం దగ్గరే ఆపేస్తున్నారు. తలుపు దాకా రండి.”

తలుపు దాకా రావడానికి చాలా వారాలు పట్టింది. వెళ్ళిన ప్రతిసారీ అదే కథ, ప్రతిసారీ ఒక అడుగు ముందుకు. గడప దాటిన సంగతి గుర్తొచ్చింది. అక్క దగ్గిన సంగతి గుర్తొచ్చింది, ఆ దగ్గుకు తన చేతుల్లోంచి దుప్పటి జారిపోయిన సంగతి కూడా. ఇంట్లో కుక్కరుతో వేరే పాఠం. చప్పుడు తనను వెతుక్కుంటూ రావడం కాకుండా తనే దాని దగ్గరికి వెళ్ళాలి, చాలనిపించగానే వచ్చేయాలి. మొదట మెట్ల మీద నిలబడింది. తర్వాత వరండాలో. వంటింటి గుమ్మం దాకా వచ్చి, మళ్ళీ వారం పాటు మేడ మీదికే పోయిన రోజులూ ఉన్నాయి. అలాంటప్పుడు అంతా వృథా అయిందని ఏడ్చేది. వృథా కాదు, అది అలాగే వెళ్ళి వస్తుంటుంది అనేది డాక్టరమ్మ.

అత్తగారు సంగతి తెలిసి లబోదిబోమంది. అయ్యో నా చిన్నకోడలు ఇంత మోసిందా అని, తను వేసిన నిందలన్నీ మర్చిపోయి, పొద్దునా సాయంత్రం వేడి పాలు ఇవ్వడం మొదలుపెట్టింది. పరామర్శకు వచ్చేవాళ్ళకు ఇప్పుడు మడతమ్మ కథ చెప్పేది, తనే ఈడ్చుకొచ్చినంత గొప్పగా. అక్క మూతి మూడు వంకర్లు తిరిగింది. నా చెయ్యి ఉడికిపోయినప్పుడు కూడా ఇన్ని పాలు పొయ్యలేదు ఈవిడ అని గొణిగింది. అది విని మడతమ్మకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేం. ఆ పూట పాలు చప్పరించి చప్పరించి తాగింది.

అంతా బాగానే ఉంది గానీ లాండ్రీ మాత్రం అలాగే ఉంది. అక్క బతిమాలితే సూపర్‌వైజరు గడువు ఇంకో నెల పొడిగించి, అంతవరకూ మడతమ్మను మాసిన బట్టలు విడదీసే గదిలో వేశాడు. అక్కడ ఆవిరి లేదు. ఆ గదికీ హాలుకూ మధ్య అద్దం పెట్టిన తలుపు ఉంది. మడతమ్మ రోజూ ఆ తలుపు దాకా వెళ్ళేది, దాని మీద చెయ్యి వేసేది, తొయ్యకుండా వచ్చేసేది. నెల చివరికొచ్చేసింది. రేపు పొడుగమ్మకు ఖాయం కాగితం ఇచ్చేస్తాను, నువ్వు ఈ గదిలోనే ఉండు, ఇదీ పనే కదా అన్నాడు సూపర్‌వైజరు. ఆయన జాలిగానే అన్నాడు.

మధ్యాహ్నం మడతమ్మ అద్దంలోంచి చూసింది. పొడుగమ్మ తన ఎత్తులో తను దుప్పటి ఎత్తి పట్టుకుంది. ఆ ఎత్తు అందుకోవడానికి అక్క కాలిన చేతిని పైకి లేపుతోంది, లేపినప్పుడల్లా మొహం చిట్లిస్తోంది. మడత ఏటవాలుగా వచ్చింది. మూలలు బెత్తెడు తేడాలో వేలాడుతున్నాయి. దాన్ని అలాగే గుట్ట మీద పడేశారు. అది చాలదన్నట్టు పొడుగమ్మ చెవి దగ్గరికి వంగి ఏదో అంటే అక్క పకపకా నవ్వింది.

మడతమ్మకు ఒళ్ళు మండిపోయింది. ఇందులో ఏ రోగమూ లేదు, శుద్ధమైన కుళ్ళు. తలుపు తోసుకుని లోపలికి నడిచింది.

హాలు సగంలో ఉండగా రోలరు బుస్సుమంది. కాళ్ళు ఆగిపోయాయి. తెలుపు కమ్ముకొచ్చింది. ఆమె దుప్పట్ల బల్ల అంచు పట్టుకుని నిలబడి, బల్ల చెక్కను వేళ్ళతో నొక్కి చూసుకుంది, గట్టిగానే ఉంది. ఊపిరి కాస్త అందింది. ఎదురుగా పొడుగమ్మ ఇంకో దుప్పటి అందుకుంటోంది, ఇది కూడా ఏటవాలుగానే పట్టుకుంటోంది. భయం పోలేదు, పక్కనే నడుస్తోంది. కానీ ఇప్పుడు దాని మాట వినే తీరిక మడతమ్మకు లేదు. మిగతా సగం కూడా నడిచి, పొడుగమ్మ చేతుల్లోంచి ఆ చివర తీసేసుకుంది. జరగమ్మా అంది. పొడుగమ్మ అవాక్కై జరిగింది.

అక్క అటు చివర నుంచి నోరు తెరుచుకుని చూసింది. రోలరు మోత కాస్త తగ్గేదాకా ఆగి, ఇద్దరూ మూలలు కలుపుతూ దగ్గరికొచ్చినప్పుడు, “భయం వెయ్యట్లేదా?” అని అడిగింది.

“వేస్తోంది. కాళ్ళు ఎలా వణుకుతున్నాయో చూడు” అంది మడతమ్మ. “కానీ ఆవిడ నీతో మడుస్తుంటే చూళ్ళేకపోయాను.”

అక్క కిందికి చూసింది. కాళ్ళు నిజంగానే వణుకుతున్నాయి. సూపర్‌వైజరు ఇటే వస్తున్నాడు. అక్క తన వైపు మూలలు కూడా ఆమె చేతుల్లో పెట్టి, ఇంకో దుప్పటి కోసం రోలరు వైపు తిరిగింది.

“అయితే ఉండు. ఇంకా చాలా ఉన్నాయి” అంది.